కూత పట్టినోడికి గుడ్డెందుకు

ముదలియార్‌పేటలో అమృతవల్లి టీకొట్టు ముందర ఆదివారం ఆరున్నరకల్లా రెండు బల్లలూ నిండిపోతాయి. టీ కోసం వచ్చేవాళ్ళు తక్కువ, వాదించడానికి వచ్చేవాళ్ళు ఎక్కువ. వాదన కూడా కొత్తదేం కాదు. ఏ ఆట ఆడేవాడికి అందరికంటే గట్టి ఒళ్ళు ఉంటుంది? ఏళ్ళ తరబడి తేలని ఈ వ్యాజ్యంలో వాదీ తానే, ప్రతివాదీ తానే, తీర్పు చెప్పేదీ తానే అయిన మనిషి ఏలుమలై.

అరవై ఆరేళ్ళ ఏలుమలైని చూస్తే ఎవరికైనా కాస్త అసూయ పుడుతుంది. పొట్ట లేదు, బీపీ లేదు, షుగరు లేదు. తెల్లవారగానే బీచి రోడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు నడుస్తాడు. మళ్ళీ ఇంటిదాకా నడిచే వస్తాడు. అంతటితో ఊరుకుంటే బాగుండును. వచ్చి బల్ల మీద కూర్చుని, "గడియారం చూడప్పా" అని పక్కవాడికి పురమాయించి, ఒక్క ఊపిరి లోపలికి పీల్చి "చెడుగుడు చెడుగుడు" అని కూత పెడతాడు. నలభై సెకన్లు! వింటున్నవాళ్ళకే ఆయాసం వస్తుంది గానీ ఆయనకు రాదు.

ఆ ఆదివారం ఆయన్ని కెలికింది మణిమారన్. మెయిన్ రోడ్డు మీద జిమ్ నడిపే మనిషి, ముప్పై దాటాయి, చేతులు తొడలంత ఉంటాయి.

"అన్నా, నీ కబడ్డీ సరే. మారథానోళ్ళను చూడు. నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తుతారు. నువ్వు నలభై సెకన్లకే గడియారం చూడమంటావు."

"తరిమితే కుక్క కూడా పరిగెత్తుతాదిరా. పరిగెత్తతా, ఊపిరి బిగబట్టి, ఏడుగురు మీద పడితే విడిపించుకుని గీత దాకా వస్తాదా? అది చెప్పు."

"నేనైతే ఈతంటానండి," అన్నాడు బుల్లిరాజు. యానాం నుంచి బదిలీ మీద వచ్చి, గుమాస్తాగా రిటైరై, రెడ్డియార్‌పాళయంలో స్థిరపడినవాడు. "గోదారికి ఎదురీదేవోళ్ళని మీరు చూళ్ళేదు కాబట్టి ఇలా మాటాడుతున్నారు, ఆయ్."

"నువ్వు ఊరుకో రాజుగారూ. నువ్వాడేదీ ఒక ఆటేనా? ఇనుప గుండు విసిరేది, దాన్ని తీసేదానికి వంగలేక దారానికి అయస్కాంతం కట్టుకునేది!"

బల్లలన్నీ గొల్లుమన్నాయి. బుల్లిరాజు ఆడేది పెతాంక్, ఫ్రెంచివాళ్ళు వదిలిపెట్టి పోయిన గుండ్ల ఆట. అందులో ముసలివాళ్ళు అయస్కాంతంతో గుండ్లు ఎత్తుకోవడం ఉన్నదే. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. టీ ఊదుకుంటూ, "డెబ్బయ్యో ఏట కూడా రోజూ నలుగురి మధ్యకీ వచ్చి ఆడుకోగలుగుతున్నానండి. అంతకంటే ఫిట్‌నెస్ ఏవుందండీ?" అన్నాడు.

"అది ఫిట్‌నెస్ కాదు, పొద్దుపోక," అన్నాడు ఏలుమలై. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. "ఒళ్ళంటే ఊపిరి. ఊపిరంటే కూత. కూత పట్టినోడికి మందెందుకు, డాక్టరెందుకు?"

"సరే, నీ జోడీ ఏమయినాడన్నా?" అన్నాడు మణిమారన్. "ఆ కాలంలో నువ్వు కూతకు పోతే, ఎదుటోడు కూతకొచ్చినప్పుడు పట్టేది ఆదికేశవనన్న అని మా నాయన చెప్పేవాడు. ఆయన్ని ఈడ ఎప్పుడూ చూడలే."

"వాడా? కూతురికి ఉద్యోగమొచ్చినాక పొగరెక్కింది. వీధిలో నన్ను చూస్తే సందులోకి తిరుగుతాడు. పోనీలే."

ఆ మాట నోట్లో ఉండగానే ఆదికేశవన్ కూతురు సరణ్య ఫ్లాస్కు పట్టుకుని కొట్టు దగ్గరికి వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుంది. విన్నదో లేదో తెలియదు. ఫ్లాస్కు అమృతవల్లి చేతికిచ్చి నేరుగా ఏలుమలై దగ్గరికే వచ్చింది.

"పెదనాయనా, మీ ఇంటికే రావాలనుకుంటా ఉండా. నాయనను పెద్దాసుపత్రికి తీసుకుపోయినా. ఆరు నిమిషాలు నడవమన్నారు. ఆ వరండాలో ఈ కొసకూ ఆ కొసకూ."

"ఎంత నడిచినాడు?" అన్నాడు ఏలుమలై, పందెం గురించి అడిగినట్టే.

"నూట నలభై మీటర్లు. రెండుసార్లు కూర్చున్నాడు."

బల్లల మీద అందరూ లోపల్లోపల లెక్క వేసుకున్నారు. ఆరు నిమిషాల్లో మణిమారన్ కిలోమీటరు దాటేస్తాడు. బుల్లిరాజు కూడా నాలుగు వందలు నడుస్తాడు.

"ఊపిరితిత్తుల్లో దూది దుమ్మంట. మిల్లులో ఆయనతోపాటు పనిచేసినోళ్ళకు ఇంకెవరికైనా ఉండాదా అని డాక్టరు అడిగినాడు. మూతికి గుడ్డ కట్టుకునేవాడా అని కూడా అడిగినాడు. నాయన లేదన్నాడు. ఎందుకు కట్టుకోలేదంటే నోరు తెరవడు. మీరు ఒకే మిల్లు గదా. ఎందుకు కట్టుకోలేదు పెదనాయనా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఏలుమలై చెయ్యి దానంతటదే తన మూతి మీదికి పోయింది. "ఆ కాలంలో ఎవరు కట్టేవాళ్ళమ్మా?" అన్నాడు. "ఎవరూ కట్టేవాళ్ళు కాదు."

అబద్ధం. సరణ్య తలూపి, ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పూట ఏలుమలై కూత పెట్టలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఇంటికొచ్చి భార్య వల్లి పెట్టిన ఇడ్లీలు రెండు తిని మూడోది వదిలేశాడు. వసారాలో కూర్చున్నాడు. వద్దన్నా జ్ఞాపకం వస్తుంటే ఏం చేస్తాడు?

ఏలుమలై వాళ్ళ తాత నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పడ్డాడు. ఇంట్లో మాట తెలుగు, పేర్లు అరవం, తెలుగులో సంతకం మాత్రం ఎవరికీ రాదు. నాన్న మూటలు మోశాడు. ఏలుమలై ఆటతో బతికాడు. విల్లియనూరు దారిలో, ఇప్పుడు ఇళ్ళ స్థలాలు వేసిన చోట, అప్పట్లో ఓ చిన్న నూలు మిల్లు ఉండేది. కబడ్డీ ఆడతాడని ఇరవై రెండో ఏట అందులోకి తీసుకున్నారు. ఏడాది తిరగకుండానే జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆదికేశవన్‌ను మిల్లులోకి తెచ్చింది కూడా ఆయనే. పక్క వీధివాడు, తనకంటే రెండేళ్ళు చిన్న. చీలమండ పట్టాడంటే ఎద్దయినా కదలలేదు.

జట్టులో ఏడుగురు. ఒకాయన ఆఫీసులో టైపిస్టు. మిగతా ఆరుగురూ బ్లోరూంలో ఉండేవాళ్ళు. దూది బేళ్ళు విప్పి, యంత్రంలో చిలికి, చెత్త దులిపే గది అది. మధ్యాహ్నానికల్లా మనుషుల కనుబొమలు తెల్లబడేవి. మూతికీ ముక్కుకూ కట్టుకోమని మిల్లువాళ్ళు మనిషికో నాలుగు మడతల గుడ్డ ఇచ్చేవాళ్ళు. బుద్ధిమంతులు కట్టుకునేవాళ్ళు. మొదట్లో ఆదికేశవన్ కూడా కట్టుకున్నాడు.

ప్రతి శుక్రవారం షిఫ్టు దిగాక కూత పరీక్ష. అది ఏలుమలై పెట్టిన ఆచారం. మిల్లు ప్రహరీ గోడ పొడవునా ఒకే ఊపిరిలో కూత పెడుతూ నడవాలి. గోడ చివర గేటుంది. గేటు దాకా కూత తెగకూడదు. తెగినవాడికి ఆదివారం ఆటలో చోటు లేదు. ఓ శుక్రవారం ఆదికేశవన్ కూత గేటుకు పది గజాల ముందే తెగింది. జట్టులో అంత గట్టివాడికి ఇదేం ఖర్మ అని ఏలుమలై తెగ ఆలోచించాడు. ఆలోచించి ఆలోచించి, కూత తప్ప మరో లోకం తెలియని బుర్రకు తట్టగలిగిన కారణమే పట్టుకున్నాడు. గుడ్డ! గుడ్డ చాటున ఎనిమిది గంటలు కొంచెం కొంచెంగా పీల్చి, ఊపిరి కురచైపోయిందన్నాడు. దుమ్ములో బారుగా పీల్చడం నేర్చుకుంటే మైదానంలో ఎదురే ఉండదన్నాడు.

మర్నాడు బ్లోరూంలో అందరి ముందరా ఆదికేశవన్ మూతి మీద గుడ్డ లాగేశాడు. "కూత పట్టినోడికి గుడ్డెందుకురా? పురుటింట్లో ఆడదానివా?" అని దాన్ని ఉండ చుట్టి బయటికి విసిరాడు. అది వెళ్ళి సైకిల్ షెడ్డు రేకుల మీద పడింది. గదంతా పగలబడి నవ్వింది. ఆదికేశవన్ కూడా నవ్వాడు. సాయంత్రానికి మిగతా నలుగురూ తమ గుడ్డలు తామే తీసేశారు. ఆదికేశవన్ గుడ్డ మూడు వానాకాలాలు ఆ రేకుల మీదే ఉంది, సైకిల్ తీసుకునేటప్పుడల్లా కనపడేది.

ఆ ఏడాది మిల్లు జట్టు కప్పు కొట్టింది. మేనేజరు సంతోషించి కెప్టెన్‌కు పని మార్చాడు. బ్లోరూం నుంచి బయటి యార్డుకి. లారీలు వస్తే బేళ్ళు చూసుకోవడం, లేనప్పుడు వేపచెట్టు కింద కూర్చోవడం. ఏలుమలై ఆ గదిలో ఉన్నది మొత్తం మీద రెండేళ్ళు. మిగతావాళ్ళు మిల్లు మూతపడేదాకా అక్కడే ఉన్నారు.

తర్వాతి లెక్క చేతివేళ్ళ మీద తేలిపోతుంది. ఏడుగురిలో నలుగురు పోయారు. నలుగురూ బ్లోరూంవాళ్ళే, నలుగురూ దగ్గుతోనే. చావుకు వెళ్ళిన ప్రతిసారీ ఏలుమలై, "బీడీలు తాగొద్దంటే విన్నాడా?" అని వచ్చేవాడు. ఆఫీసులో టైపు కొట్టినాయన నిక్షేపంగా ఉన్నాడు. యార్డులో చెట్టు కింద కూర్చున్న తాను నిక్షేపంగా ఉన్నాడు. ఇక మిగిలింది ఆదికేశవన్. జన్మలో బీడీ ముట్టనివాడు.

ఇదంతా ఆ ఆదివారమే కొత్తగా తెలిసిందా? అబ్బే. మూడో చావునాడే లోపలెక్కడో తెలిసింది. తెలిసినా, బల్ల మీద కూర్చుని నలభై సెకన్లు కూత పెట్టి, దాన్ని ఆట గొప్పతనం కింద జమ వేసుకున్నాడు. చెట్టు గాలి మాట ఎత్తలేదు. మనిషికి తన ఒళ్ళు తన ప్రతాపం అనుకోవడంలో ఉన్న సుఖం అంత తొందరగా వదలదు.

"ఏంది, ఒంట్లో బాగలేదా?" అంది వల్లి.

"ఒంట్లో బాగానే ఉండాది," అన్నాడు. ఆ మాట చెప్పడానికి మొదటిసారి సిగ్గేసింది.

మూడు రోజులు ఆ సందు మొదటిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. నాలుగో రోజు సాయంత్రం లోపలికి వెళ్ళాడు. ఆదికేశవన్ వాకిట్లో కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చుని ఉన్నాడు. భుజాలు పైకి లేస్తున్నాయి, పడుతున్నాయి. పక్కన భార్య సుగంధి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఒకప్పుడు ఎద్దును నిలబెట్టిన ఆదికేశవన్ చేతులకు మణికట్టు దగ్గర ఎముక తప్ప ఏమీ లేదు.

ఏలుమలైని చూడగానే ఆదికేశవన్ ఓ పని చేశాడు. నిటారుగా కూర్చున్నాడు. నోరు మూశాడు. ఊపిరి బిగబట్టాడు. ఆయాసం కనపడనివ్వకుండా, నవ్వుతున్నట్టు మొహం పెట్టి అలాగే ఉండిపోయాడు. పెదాలు నల్లబడుతున్నాయి. ఏలుమలైకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్క అంగలో దగ్గరికొచ్చాడు.

"ఊపిరి వదల్రా," అన్నాడు. "ఆదీ, నీకు దణ్ణం పెడతా. వదల్రా."

ఆదికేశవన్ వదిలేశాడు. దగ్గు తెర ఆగడానికి చాలాసేపు పట్టింది. సుగంధి వీపు నిమిరింది. ఏలుమలై నిలబడే ఉన్నాడు.

"బాగానే... ఉండా," అన్నాడు ఆదికేశవన్. మాటలు రెండు రెండుగా వస్తున్నాయి. "నేనే... శుక్రవారం సాధన... పెండ్లయినాక మానేసినా. నీ మాదిరి... విడవకుండా చేసుంటే... ఇట్లా అయ్యేవాణ్ణి కాదు."

ఈ మాట ఆయన క్షమాపణలా అన్నాడు. ముప్పై ఏళ్ళుగా తనలోనే ఏదో తక్కువ ఉందనుకుంటూ బతికాడన్నమాట, ఈ పిచ్చివాడు.

"సాధనా లేదు, మన్నూ లేదు," అన్నాడు ఏలుమలై. "గుడ్డరా. నీ మూతి మీద నుంచి నేను లాగి పారేసినానే, ఆ గుడ్డ. నేను ఆ గదిలో ఉండింది రెండేండ్లు. నువ్వు ఇరవై తొమ్మిదేండ్లు. నా ఒళ్ళు కూతతో రాలేదు ఆదీ. యార్డులో గాలితో వచ్చింది. నాకు తెలుసు. ఎప్పుడో తెలుసు. మిగిలిన నలుగురినీ నేనే... తప్పు నాదిరా."

సుగంధి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "ఇది ఇప్పుడా చెప్పేది, అన్నా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే ఏలుమలైకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆదికేశవన్ ఒక్కొక్క ముక్కే పోగు చేసుకుంటూ చెప్పాడు. "గుడ్డ తీసింది నువ్వు. మళ్ళీ కట్టుకోనిది నేను. అది వదిలెయ్. నేను టీకొట్టుకు రాక... పదకొండేండ్లు. ఎందుకనుకున్నావు?"

పొగరని ఊరంతా చాటింది ఈ ఏలుమలై నోరే.

"నీ ముందర... ఆయాసపడగూడదని. నువ్వు ఎదురొస్తే... సందులోకి పోయి గోడ పట్టుకుని నిలబడేవాణ్ణి. నువ్వు దాటిపోయిందాకా." ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "ఊపిరి దుమ్ముకు పోయిందిరా. నాకు మనుషులు దూరమైంది నీ మాటకు."

అంతే. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. సుగంధి లేచి లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చింది. ఏలుమలై దాన్ని ఎలా తాగాడో ఆయనకే తెలియదు. లేచి వస్తుంటే ఆదికేశవన్ వెనక నుంచి పిలిచాడు.

"ఆదివారం వస్తా."

"ఆటో తెస్తా."

"నడిచే వస్తా. నువ్వు పక్కన నడు. ముందర నడవొద్దు."

ఏలుమలై శనివారం నాడే అమృతవల్లికి చెప్పి, వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి బల్లల పక్కన వేయించాడు. ఎవరికోసమో చెప్పలేదు. ఆదివారం ఆరుకే వెళ్ళాడు. ఆదికేశవన్ స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. చొక్కా వదులై భుజాల మీద నుంచి జారుతోంది. సరణ్య మందు పీల్చే గొట్టం ఏలుమలై చేతికిచ్చి, "మెల్లగా పెదనాయనా" అంది. ఆ పిల్ల కళ్ళల్లోకి ఆయన చూడలేకపోయాడు.

ఆ ఇంటి నుంచి కొట్టుకు రెండు వందల గజాలుండదు. ఏలుమలై రోజూ లెక్కలోకి కూడా తీసుకోని దూరం. మొదటి మజిలీ టైలరు అరుగు దగ్గర. రెండోది కరెంటు స్తంభం. మూడోది ఇళవరసన్ కోళ్ళ కొట్టు ముందర, మెట్టు మీద కూర్చుని మందు పీల్చుకున్నాడు. పక్కన నడవడం అంత కష్టమని ఏలుమలైకి అప్పుడే తెలిసింది. తన కాళ్ళు అలవాటు కొద్దీ ముందుకు పోతున్నాయి. మూడుసార్లు ఆపుకుని వెనక్కి వచ్చాడు.

నాలుగో మజిలీ వీధి మలుపు. అక్కణ్ణుంచి కొట్టు కనపడదు గానీ వినపడుతుంది. మణిమారన్ ఫుట్‌బాల్ అంటున్నాడు, బుల్లిరాజు కాదండీ కాదండీ అంటున్నాడు, ఎవరో బాక్సింగ్ అని అరుస్తున్నారు. ఆదికేశవన్ గోడకు చెయ్యి ఆనించి వింటున్నాడు. మొహాన చిన్న నవ్వు వచ్చింది.

"ఇంకా... తేలలేదా?"

"తేలలేదు. దా, నువ్వొచ్చి తేల్చు. ఇంకో యాభై గజాలు."

ఆదికేశవన్ ఆ మలుపు వైపు చూశాడు. తర్వాత వచ్చిన దారి వైపు చూశాడు. "చాలురా. వెనక్కి పోవాల గదా. దానికీ ఊపిరి మిగలాల."

"కుర్చీ ఈడికే తెస్తా. వాళ్ళను పిలుస్తా. ఒక్క క్షణం ఉండు."

"వద్దు." చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు ఇంకా కొంచెం మిగిలే ఉంది. "ఇట్లా రొప్పతా ఉన్నప్పుడు వద్దు. చూడగూడదు వాళ్ళు."

తప్పు ఒప్పుకుంటే చాలనుకున్నాడు ఏలుమలై. ఒకనాడు అందరి ముందరా తాను నాటిన సిగ్గు, నలభై ఏళ్ళలో వేళ్ళు దిగి, ఇప్పుడు తాను పీకినా రావడం లేదు. బతిమాలాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఆదికేశవన్ అప్పటికే వెనక్కి తిరిగాడు.

కొట్టు దగ్గర మణిమారన్, "ఏలుమలైయన్న ఏడప్పా ఇంకా రాలే? గడియారం పట్టుకుని కూచున్నాం" అంటున్నాడు. కోళ్ళ కొట్టు మెట్టు దగ్గర మళ్ళీ కూర్చున్నాక ఆదికేశవన్ మందు పీల్చుకుని, చొక్కా భుజం మీదికి సర్దుకున్నాడు.

"పోయినేడు వినాయక చవితికి... ఆ మలుపు దాటి గుడి దాకా పోయినా. ఒక్కణ్ణే." కాస్త ఆగాడు. కోపం లేదు ఆ గొంతులో. "ఆ మాట పోయినేడు చెప్పింటే కొట్టు దాకా చేరేవాణ్ణిరా."

కరెంటు స్తంభం దాకా ఇంకా ముప్పై గజాలుంది. ఏలుమలై చెయ్యి అందించి లేపాడు.